తోకసంచికి కిరాయిదారులు

ప్రయోగశాలలో కొత్తగా చేరే పిల్లలు అడుగుతుంటారు: "సార్, ఈ పని ఎలా ఉంటుంది?" ఎక్కువ భాగం గిన్నెలు కడగడం. తక్కిన భాగం, కడిగిన గిన్నెలను ఎవరు ముట్టుకున్నారని అరవడం. ఈ రెంటికీ మధ్య ఎప్పుడో ఒకసారి గాజుగిన్నెలో ఒక అవయవం మీ కళ్ల ముందే నిండుతుంది. ఆ ఒక్కసారి కోసమే ముప్పై ఏళ్లు గిన్నెలు కడిగానని చెప్పను. జీతం కోసం కూడా కడిగాను.

ప్రమోషన్ల గురించి ఇక్కడ రాయడం లేదు. వాటి గురించి మా బంధువులు పెళ్లిళ్లలో తగినంత చెప్పారు. ఒక సంచి గురించి, ఒక మనిషి గురించి, పంచాంగం చూసి పని చేసిన ఒక మంచి అధికారి గురించి మాత్రం చెబుతాను.

ఉద్యమంలో నా పాత్ర

అరవై తొమ్మిదిలో నేను పశువైద్యం మొదటి సంవత్సరం. జై తెలంగాణ అంటూ రోడ్డెక్కాం, కాలేజీలు మూతపడ్డాయి, ఏడాది చదువు గాలికి పోయింది. జనగామ స్టేషన్ దగ్గర లాఠీ దెబ్బ తిన్నానని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. తిన్నది నా సైకిలు. నేను అప్పటికే ఎదురుగా ఉన్న ఛాయ్ హోటల్లో పెద్ద కాగు వెనక కూర్చుని ఉన్నాను. సైకిలు మాత్రం చివరిదాకా నిలబడి పోరాడింది.

కొన్నేళ్లకు అదే జనగామలో, కోళ్ల జబ్బులు పరీక్షించే చిన్న ప్రయోగశాలలో ఉద్యోగం వచ్చింది. రెండు గదులు, ఒక సూక్ష్మదర్శిని, బల్బులతో వేడెక్కే ఒక చెక్కపెట్టె. అధికారి విశ్వనాథం గారిది కృష్ణా జిల్లా. నా మొదటి రోజు ఆయన అడిగిన మొదటి ప్రశ్న:

"ఏ ఊరయ్యా మనది?"

"లింగాల ఘనపూర్ సార్. గీడికెల్లి దగ్గర్నే."

"గీడికెల్లి!" అని, 'ఇక్కడి నుంచి' అనే మా మాటకు ఆయన పడీ పడీ నవ్వారు. "అదేం భాషయ్యా? సినిమాలో విన్నట్టుంది."

"ఔ సార్. సినిమాల మా తోని నవ్విస్తరు, మీ తోని ఏడిపిస్తరు. ఏదన్న పని ఇయ్యరాదుండ్రి."

ఆయన నవ్వు ఆగింది. ఉద్యోగం పొద్దున్నే వచ్చి సాయంత్రానికి పోతుందేమో అనుకున్నాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని "గిన్నెలు కడుగు" అన్నారు. అలా మొదలైంది మా స్నేహం.

ఆయన గురించి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అంత శుభ్రమైన చేతులు, అంత నిజాయితీ ఉన్న మనిషి నాకు మళ్లీ తగల్లేదు. ఆయనకు ఒక్కటే బలహీనత. వర్జ్యం చూడకుండా సీసా మూత కూడా తీసేవారు కాదు.

బుట్టలో చచ్చిన కోళ్లు

నెల్లికుదురు పశువుల దవాఖానలో టీకాలు వేసే భద్రు ఒకరోజు పొద్దున ప్రయోగశాల గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. పక్కనే ఉన్న లంబాడీ తండా అతనిది. ఆ తండాలో సర్కారు నౌకరి చేసిన మొదటి మనిషి. ఐసు నింపిన ఫ్లాస్కు భుజానికి తగిలించుకుని సైకిలు మీద ఊరూరూ తిరిగేవాడు. ఆ రోజు ఫ్లాస్కు లేదు. చేతిలో బుట్ట, బుట్టలో చచ్చిన తెల్లకోళ్లు.

జరిగింది ఇది. నెల్లికుదురు దగ్గర నర్సిరెడ్డి పటేల్ కొత్తగా కోళ్ల షెడ్డు వేశాడు. పట్నం నుంచి తెచ్చిన పిల్లలకు భద్రు కొక్కెర తెగులు టీకా వేశాడు. కొన్ని వారాలకే ఆ తెగులే వచ్చింది. మెడలు వంకర్లు తిరిగి కోళ్లు కుప్పలుగా రాలిపోయాయి. టీకా వేశాక రాకూడని జబ్బు వచ్చిందంటే అర్థం ఏమిటి? పటేల్‌కు వెంటనే తోచింది: మందు బయట అమ్ముకుని, తన కోళ్లకు నీళ్లు పొడిచాడని. భద్రును సస్పెండ్ చేశారు. విచారణ జరగాలి.

"సారు, గివి కోసి సూడుండ్రి," అన్నాడు భద్రు.

"ఏం సూడాలె భద్రన్నా?"

"నేను దొంగనా కాదా సూడుండ్రి."

"గది కోడి కడుపుల కనవడదన్నా," అన్నాను. అన్నాక నా జోకు నాకే నచ్చలేదు. ఇది చాలా అరుదుగా జరుగుతుంది.

అతను నవ్వలేదు. "నౌకరి పోతే పోనీ సారు. కూలి చేసుకుంట. కని మా తండాల ఇంకెవన్నన్న నౌకరికి రానిస్తరా? గా భద్రుగాడు దొంగ, మీరందరు గంతే అంటరు. నా యెనుక పదో తరగతి సదివెటోళ్లున్నరు సారు."

అదే డబ్బాలోని మందును అదే వారంలో క్యాంపు డ్యూటీ మీద పోయి భూపాలపల్లి వైపు అడవి ఊళ్లలో కూడా వేశానని, అక్కడి కోళ్లు నిక్షేపంగా ఉన్నాయని చెప్పాడు. విచారణ అధికారికి కూడా ఈ మాటే చెప్పాడట. దానికి పటేల్ జవాబు సిద్ధంగా ఉంది: "గాడ మందు పొడిచిండు, నా కాడ నీళ్లు పొడిచిండు." వాదన చిన్నదే గాని గట్టిది. ప్రపంచంలో చాలా అబద్ధాలు అలాగే ఉంటాయి.

పోలీసు శిక్షణ కేంద్రం

కోడికి తోక కింద, మలద్వారం మీద, శనగగింజంత సంచి ఒకటి ఉంటుంది. పుస్తకాల్లో దానికి ఎవరో విదేశీయుడి పేరు పెట్టారు. మేము తోకసంచి అనేవాళ్లం. జబ్బులతో పోరాడే కణాలు తయారయ్యేది అక్కడే. పోలీసు శిక్షణ కేంద్రం అనుకోండి. టీకా అంటే దొంగ ఫొటో. శిక్షణ కేంద్రమే కూలిపోతే ఫొటో ఎవరికి చూపిస్తారు?

భద్రు తెచ్చిన కోళ్లను కోస్తే ఒక్కదాని సంచీ నిండుగా లేదు. అన్నీ ఎండిన రేగుపండ్లలా ముడుచుకుపోయి ఉన్నాయి. తోకసంచిని తినేసే కొత్త వైరసు ఒకటి దేశంలోకి వచ్చిందని విశ్వనాథం గారు అంతకుముందే ఎక్కడో విన్నారు.

"అయితే భద్రన్న బతికిపోయిండు సార్!" అన్నాను.

"తొందరపడకు. తిండి లేక మాడిన కోడికి కూడా సంచి చిక్కిపోతుంది. పటేల్ మనల్ని అడిగితే ఏం చెబుతావు? ముడుచుకున్న సంచి కాదయ్యా, మన కళ్ల ముందు ముడుచుకునే సంచి కావాలి."

అంటే కోడి లేకుండా సంచిని పెంచాలి. గుడ్డులోని పిండం నుంచి సంచి మొలకను కోసి తీసి, గాజుగిన్నెలో పోషక ద్రవం పోసి, తీగజల్లెడ మీద పల్చని కాగితం పరిచి, దానిమీద పెట్టి పెంచాలి. పెరిగాక పటేల్ కోళ్ల సంచులను నూరి వడగట్టిన రసం చుక్క వేసి చూడాలి. విశ్వనాథం గారు ఈ విద్య ఎక్కడో నేర్చుకుని వచ్చారు. అప్పటిదాకా వాడే అవకాశం రాలేదు. ఆ రోజు ఆయన ముఖం చూడాలి. పెళ్లిచూపులకు వెళ్లే ముఖం.

గుడ్లు మా సుగుణక్క తెచ్చింది. ఆమె మా ప్రయోగశాలలో కణజాలాన్ని మైనంలో పొదిగి, పొరలుగా కోసి, రంగు వేసే మనిషి. సొంతూరు డోర్నకల్, నాన్న రైల్వేలో గార్డు. వాళ్లమ్మ పెంచే నాటుకోళ్ల గుడ్లను బుట్టలో గడ్డి వేసుకుని ప్యాసింజర్ బండిలో తెచ్చింది. బండిలో ఒకాయన తన బుట్ట అనుకుని దానిమీద కూర్చోబోయాడట. "మీద కూసుంటె పిల్లలైతయి, దిగేటప్పుడు ఎంబడి తోల్కపోతవా?" అని అడిగితే లేచి నిలబడ్డాడట.

అమావాస్య, అదీ మంగళవారం

గుడ్లను చెక్కపెట్టెలో వెచ్చబెట్టాం. పిండం సరైన వయసుకు వచ్చే రోజు ముందే లెక్క వేసుకున్నాం. విశ్వనాథం గారు గోడ మీది క్యాలెండర్ చూసి నాలుక కరుచుకున్నారు.

"అమావాస్య. అదీ మంగళవారం!"

"కోడిపిల్లకు ఏం ఎరుక సార్?"

"కోడిపిల్లకు తెలియదు. కత్తి పట్టుకునేవాడికి తెలుసు. దానికి ముందొచ్చే ఆదివారం మంచిది, ఆరోజే కోద్దాం. లేతగా ఉంటే ఇంకా బాగా పెరుగుతుంది."

"ఆదివారం చర్చికి పోవాలె సార్," అంది సుగుణక్క.

"వచ్చాక కోద్దాం."

ఆమె నా వైపు తిరిగి, "మాకు పనికి ఆదివారం తప్ప అన్ని మంచి దినాలే. ఈయనకు ఆదివారమొక్కటే మంచిదాయె," అని గొణిగింది.

ఆదివారమే కోశాం. పెరిగాయి కూడా. బూజు పట్టినవి పోగా మిగిలిన సంచులు గిన్నెల్లో మిసమిసలాడుతూ, మడతలు మడతలుగా, పుస్తకంలో బొమ్మల్లా పెరిగాయి. జనగామలో కరెంటు పోయినప్పుడల్లా వేడినీళ్ల సీసాలు పెట్టెలోకి తోసి, పెట్టెకు దుప్పటి కప్పి, చంటిపిల్లకు జ్వరం వచ్చినట్టు చుట్టూ తిరిగాం. తర్వాత పటేల్ కోళ్ల రసం చుక్కలు వేశాం. కళ్లార్పకుండా చూశాం.

ఏమీ కాలేదు.

మర్నాడూ ఏమీ కాలేదు. ఆ మర్నాడు సంచులు ఇంకాస్త అందంగా ఉన్నాయి. వైరసు అన్నదేదీ వాటిని ముట్టుకోలేదు. విశ్వనాథం గారు తల పట్టుకుని కూర్చున్నారు.

"అంటే ఆ షెడ్డులో సంచిని తినే జబ్బు లేదయ్యా. ఉన్నది ఉన్నట్టు రాయాలి."

"గట్ల రాస్తె భద్రన్న పోయినట్టే సార్."

"నాకు మాత్రం సంతోషమా? మన గిన్నె చెప్పింది రాస్తాం. మనకు నచ్చింది రాయం."

యువకులారా, ఇక్కడ ఒక్కమాట. మీ అధికారి మీకు నచ్చని ఫలితాన్ని నిజాయితీగా రాయబోతుంటే ఆయన మీద అరవకండి. గిన్నెను అనుమానించండి. అందుకు జీతంలో కోత పడదు.

ఇల్లుంది, మనుషుల్లేరు

రిపోర్టు రాసేలోపు ఒక సంచిని పొరలుగా కోసి చూస్తామని అడిగాం. సుగుణక్క కోసి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద పెట్టింది. నేను చూశాను. గోడలు బాగున్నాయి. మడతలు బాగున్నాయి. ఎంత వెతికినా గుండ్రటి చిన్న కణాలు మాత్రం లేవు. పోరాడే కణాలంటే అవే.

"అక్కా, ఇల్లు కట్టినం గని కిరాయిదారులు రాలేదు."

ఆమె చూసింది. "అయ్యో, దీపం గుడ లేదు ఇండ్ల."

సంచి తన కణాలను తాను పుట్టించుకోదు. వాటి మూలకణాలు పిండం నెత్తుటిలో ప్రయాణం చేసి, ఒక వయసులో సంచిలోకి వచ్చి దిగుతాయి. అప్పుడే బయటి దేశాల వాళ్లు ఆ సంగతి కనిపెట్టి రాస్తున్నారు. ఆ పత్రాలు మా బల్ల మీదే ఉన్నాయి, వాటిమీద మా ఛాయ్ గ్లాసులు ఉన్నాయి. మేము కణాలు దిగే రోజుకన్నా ముందే సంచిని కోసి తీసేశాం. వైరసు తినేది ఆ కణాలను. తినేందుకు ఏమీ లేని ఇంట్లో దొంగ మాత్రం ఏం చేస్తాడు? మూలకణాలకు అమావాస్య పట్టింపు లేదు. మంగళవారం రావలసినవి మంగళవారమే బయలుదేరి ఉంటాయి, ఆదివారం ఇల్లే మాయమైందని తెలియక.

ఈ మాట విశ్వనాథం గారికి ఎలా చెప్పాలన్నది పెద్ద సమస్య. సుగుణక్క, "నువ్వే చెప్పు, నీకు సిగ్గు లేదు గద," అంది. చెప్పాను. ఆయన సూక్ష్మదర్శిని మీద వంగి చాలాసేపు చూశారు. తల ఎత్తకుండానే అడిగారు:

"ఆదివారం కోయమన్నది ఎవరు?"

"మీరే సార్."

"కాస్త ఆలోచించి చెప్పొచ్చుగా."

"ఆలోచించినా మీరే సార్."

ఆయన లేచి గోడ మీది క్యాలెండర్ తీసి బీరువాలో పడేసి తాళం వేశారు. తాళంచెవి జేబులో వేసుకోవడానికి ముందు గడియారం చూసుకున్నారని నాకు అనుమానం. రాహుకాలం కాబోలు.

దిగిన కిరాయిదారులు

మళ్లీ గుడ్లు పొదిగి, మళ్లీ పెంచే వ్యవధి లేదు. విచారణకు మూడు వారాలే మిగిలింది. రసం వేయకుండా పక్కన ఉంచిన ఖాళీ సంచులు మాత్రం ఇంకా బతికి ఉన్నాయి. డోర్నకల్ గుడ్లు కొన్ని పెట్టెలో మిగిలి, వాటి పిండాలు పెద్దవవుతున్నాయి. ఆ పెద్ద పిండాల కాలి ఎముకల్లో మూలుగ ఉంటుంది. మూలుగలో మూలకణాలు ఉంటాయి.

"నడిచి రాలేని వాళ్లను మనమే బండి పెట్టి తెద్దాం," అన్నారు విశ్వనాథం గారు. ఆయన మొదటిసారి వేసిన జోకు అది. బాగానే ఉంది. నేను ఒప్పుకోలేదు.

మూలుగ తీసి, చుక్క చుక్కగా ఖాళీ సంచుల పక్కన పెట్టాం. కొన్నింటికి పెట్టలేదు, ఖాళీగానే ఉంచాం. ఇక ఎదురుచూడడమే. ఈలోగా విశ్వనాథం గారు నెల్లికుదురు వెళ్లి, పటేల్ షెడ్డులో బతికి ఉన్న కోళ్లకు పటేల్ ఎదుటే తన చేత్తో, తను తీసుకెళ్లిన కొత్త డబ్బాలోంచి టీకా వేసి వచ్చారు. రెండు వారాలు ఆగి వాటి రక్తం తెప్పించి చూస్తే, టీకా తగిలిన జాడే లేదు. భద్రు టీకా వేసిన భూపాలపల్లి కోళ్ల రక్తంలో మాత్రం పుష్కలంగా ఉంది.

గిన్నెల సంగతి ఒక మధ్యాహ్నం తేలింది. సుగుణక్క మూలుగ పెట్టిన ఒక సంచిని కోసి అద్దం కింద పెట్టి, పక్కకు జరిగి నా భుజం తట్టింది. నేను వంగాను. గోడల మడతల్లో గుండ్రటి చిన్న కణాలు, గుంపులు గుంపులుగా, ఇల్లంతా. బోనాల నాటి బజారులా కిటకిటలాడుతున్నాయి.

"దిగిన్రే!" అని అరిచాను. "అక్కా, కిరాయిదారులు దిగిన్రు!"

"మెల్లగా అను. పక్క గదిల సారు భయపడతడు."

సారు అప్పటికే గుమ్మంలో ఉన్నారు. అద్దంలోకి చూశారు. వెనక్కి తిరిగి మా ఇద్దరికీ నమస్కారం పెట్టారు. కృష్ణా జిల్లా మనిషి, మాకన్నా ఎంతో పెద్దవాడు, జనగామలో, కిరసనాయిలు వాసన కొట్టే గదిలో. ఏం చేయాలో తోచక నేను కూడా నమస్కారం పెట్టాను. కాసేపు ముగ్గురం దేవుడు లేని గుళ్లో భక్తుల్లా నిలబడ్డాం. రెండు గదుల ప్రయోగశాలలో, బల్బుల పెట్టెలో, ఒక కోడిపిల్ల రక్షణ అవయవాన్ని మూలకణాలతో నింపి పెంచాం. ఆ సంతోషం ఎలాంటిదో వర్ణించను. వర్ణించగలిగితే ఇన్ని జోకులు వేసేవాణ్ణి కాదు.

తర్వాత రసం వేశాం. నిండిన సంచిలో పటేల్ కోళ్ల రసం: కణాలు చచ్చి, సంచి కుంగిపోయింది. నిండిన సంచిలో, రక్తంతో పాటే తెప్పించిన భూపాలపల్లి కోళ్ల సంచుల రసం: చెక్కుచెదరలేదు. ఖాళీ సంచిలో పటేల్ కోళ్ల రసం: ఎప్పటిలాగే అందంగా, ఏ బాధా లేకుండా ఉంది. కొందరు ఉద్యోగులు గుర్తొచ్చారు.

నెల్లికుదురులో

విచారణ దవాఖాన వరండాలో జరిగింది. మహబూబాబాద్ దాకా రైలులో సూక్ష్మదర్శినిని ఒళ్లో పెట్టుకుని వెళ్లాం. విచారణ అధికారి బల్ల వెనక, పటేల్ కుర్చీలో. భద్రు స్తంభం పక్కన నిలబడ్డాడు, అతని వెనక తండా నుంచి వచ్చిన వాళ్లు చాలామంది.

విశ్వనాథం గారు మూడు గాజుపలకలు ఒకదాని తర్వాత ఒకటి చూపించి సంగతి చెప్పారు. పటేల్ అడ్డం వచ్చాడు.

"గవన్ని మాకేం తెలుస్తయి సారు? సర్కారోళ్లు సర్కారోన్ని బచాయిస్తరు. వాడు నీళ్లు పొడిచిండు, గంతే."

"మీ కోళ్లకు నేనూ టీకా వేశాను కదా పటేల్ గారూ? మీ ఎదుటే డబ్బా విప్పాను."

"ఏసిన్రు."

"అదీ పట్టలేదు. నేనూ నీళ్లే పొడిచానంటారా?"

వరండాలో ఎవరో కిసుక్కుమన్నారు. పటేల్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. విచారణ అధికారి మాత్రం వదల్లేదు.

"మరి మొదటిసారి జబ్బు కనబడలేదని మీ రిపోర్టులో మీరే రాశారు?"

నేను నేల చూశాను. ఏ కారణమైనా చెప్పొచ్చు: కరెంటు, బూజు, ఎండ. విశ్వనాథం గారు కళ్లద్దాలు తీశారు.

"రాశానండీ. అమావాస్య అని ముందే కోశాను. సంచిలో కణాలు దిగకముందే తీశాను. తప్పు గిన్నెది కాదు, నాది. ఈ మనిషి తప్పు మాత్రం ఎక్కడా లేదు."

అధికారి వంగి అద్దంలోకి మరోసారి చూశాడు. పటేల్‌ను కూడా పిలిచి చూపించాడు. పటేల్ ఒక కన్ను మూయడం రాక, చేత్తో మూసుకుని చూశాడు. నిండిన సంచి, కుంగిన సంచి. చాలాసేపు చూశాడు. కోళ్లు పెంచేవాడికి చావు ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

భద్రు మీద నింద అక్కడే కొట్టేశారు. తండా వాళ్లు అతన్ని ఎత్తుకోబోయారు. "ఫ్లాస్కు, ఫ్లాస్కు పగుల్తది!" అని అతను అరిచాడు. ఫ్లాస్కు అప్పటికింకా తిరిగి ఇవ్వనే లేదు.

షెడ్డు కడిగించి, సున్నం కొట్టించి, కొన్నాళ్లు ఖాళీగా ఉంచాలని విశ్వనాథం గారు చెప్పారు. అది చేయించే బాధ్యత భద్రుదే. కొత్త పిల్లలు దిగే రోజున నేను కూడా వెళ్లాను. షెడ్డు గుమ్మం ముందు భద్రు తడి సున్నం పోసిన వెడల్పాటి తొట్టి పెట్టించాడు. బయటి నుంచి కాళ్లకు అంటుకుని వచ్చే జబ్బు అక్కడే ఆగాలి. నేను చెప్పులు విప్పి, తొట్టిలో కాళ్లు ముంచి లోపలికి వెళ్లాను. వెనకాలే పటేల్ కిర్రు చెప్పులతో వచ్చాడు. భద్రు చెయ్యి అడ్డం పెట్టాడు.

"చెప్పులు ఆడ ఇడిసి రా పటేలా."

పనివాళ్లు చీపుర్లు ఆపారు. ఆ పటేల్ ఇంటి ముందు నుంచి చెప్పులు చేతిలో పట్టుకుని నడిచిన వాళ్లు ఆ షెడ్డులోనే ఉన్నారు. భద్రు తండ్రి కూడా అలా నడిచినవాడే. పటేల్ నా వైపు చూశాడు. నేను తెల్లటి నా కాళ్లు చూసుకున్నాను.

"నా షెడ్డేరా ఇది," అన్నాడు పటేల్.

"నీ షెడ్డే పటేలా. పిల్లలు గుడ నీయే. అందుకే."

పటేల్ చెప్పులు విడిచాడు. ఒక కాలు తొట్టిలో పెట్టి, రెండోది పైకెత్తి గడప దాటబోయాడు.

"రెండు," అన్నాడు భద్రు.

పటేల్ రెండో కాలు కూడా పెట్టాడు.